దెయ్యాల నవల్లో నాన్న పాత్ర

మా అమ్మాయి పదో తరగతి. దానికి దెయ్యాలంటే భయం లేదు. నాకు యాభై దగ్గర పడుతున్నాయి, నాకు ఉంది. మా ఇంట్లో రాత్రి తొమ్మిది దాటాక జరిగే గొడవల్లో సగానికి మూలం ఇదే కాబట్టి ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది.

దాని గదిలో అలమర నిండా ఇంగ్లీషు దెయ్యాల నవలలు. యంగ్ అడల్ట్ అంటారు, టీనేజీ పిల్లల కోసం రాసేవి. చాలావరకు కొనిచ్చింది నేనే. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు గుట్టలు పోసి అమ్ముతారు కదా, అక్కడ బేరమాడి తెస్తాను. అట్ట మీద జుట్టు విరబోసుకున్న పిల్ల బొమ్మ ఉంటే ఆ అట్టని లోపలివైపుకి తిప్పి సంచిలో పెట్టుకుంటాను. మెట్రోలో ఎవరైనా చూస్తారని కాదు. నేను చూస్తానని.

పిల్లలు ఏం చదువుతున్నారో తల్లిదండ్రులు ఓ కంట కనిపెడుతూ ఉండాలని ఆదివారం అనుబంధాల్లో రాస్తుంటారు. అలా రాసేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ పాపం ఊరికే పోలేదు. కనిపెట్టడం కోసం చదవడం మొదలుపెట్టాను. ఇంట్లో కాదు. మధ్యాహ్నం పూట, ఆఫీసు క్యాంటీన్లో, చుట్టూ జనం అన్నాలు తింటున్న చోట. దెయ్యం నవల చదవడానికి అంతకంటే క్షేమమైన చోటు హైదరాబాదులో లేదు. సాంబారు వాసన వస్తున్నంతసేపూ ఏ ప్రేతాత్మా దగ్గరికి రాదని నా నమ్మకం.

ఈ నవలల గురించి మా అమ్మాయికి ఒక సిద్ధాంతం ఉంది. కథ బాగుంటుందో లేదో దెయ్యాన్ని బట్టి కాదట, నాన్నని బట్టి తెలిసిపోతుందట.

"ఏ పుస్తకమైనా తీసుకో నాన్నా. దెయ్యం పాపం దాని మానాన అది ఉంటుంది. ఇంటిల్లిపాదినీ తీసుకెళ్ళి దాని నోట్లో పెట్టేది నాన్నే."

సాక్ష్యానికి చిన్నప్పుడు చదివిన గూస్‌బంప్స్ తీసింది. ఆర్.ఎల్. స్టైన్ ఆ సిరీస్ 1992లో మొదలుపెట్టాడు. మొదటి పుస్తకం 'వెల్‌కమ్ టు డెడ్ హౌస్'. అందులో ఒక కుటుంబానికి, ఎన్నడూ పేరైనా వినని ముసలి బంధువు ఎవరో పోతూపోతూ ఇల్లు రాసిచ్చాడని కబురొస్తుంది. మనమైతే ముందు ఈసీ తీయిస్తాం. లింకు డాక్యుమెంట్లు అడుగుతాం. దాయాదులెవరైనా కోర్టుకెక్కారేమో వాకబు చేస్తాం. ఆ నాన్న ఇవేవీ చెయ్యడు, సామాను సర్దించేస్తాడు. కిటికీలో ఎవరో కనపడుతున్నారని పిల్లలు మొత్తుకుంటారు, కుక్క మొరిగి మొరిగి అలిసిపోతుంది, అయినా వినడు. ఊరు ఊరంతా చచ్చినవాళ్ళేనని తేలాక అమ్మానాన్నల్ని కాపాడుకోవాల్సిన పని పిల్లల నెత్తిన పడుతుంది.

"ఆయనకి ఎందుకంత తొందరో తెలుసా?" అంది.

"ఎందుకూ?"

"ఆఫీసు ఉద్యోగం మానేసి రచయిత అయిపోదామని."

నేను ఆ వారమే ఒక పత్రికకి కథ పంపి జవాబు కోసం ఎదురుచూస్తున్నాను. మాట్లాడకుండా టీ తాగాను.

"స్టీఫెన్ కింగ్ 'ది షైనింగ్'లో కూడా నాన్న రచయితే. చలికాలమంతా ఖాళీ హోటల్లో కాపలా ఉంటే ప్రశాంతంగా రాసుకోవచ్చనుకుంటాడు. నీకెప్పుడైనా ప్రశాంతత కావాలనిపిస్తే ముందు మాకు చెప్పు."

1977లో వచ్చిన ఆ నవల పెద్దవాళ్ళది. దీనికింకా వయసు రాలేదని పై అరలో పాత పంచాంగాల వెనకాల దాచాను. అది అక్కడ ఉందన్న సంగతి దానికెలా తెలుసని అడగబోయి, అడిగితే నేనే దొరికిపోతానని ఊరుకున్నాను. దాచింది దానికి కనపడకుండా కాదు మరి.

ఇదంతా నవ్వుకుని వదిలేసేవాణ్ణి. సరిగ్గా అప్పుడే మియాపూర్ అవతల ఒక రీసేల్ ఫ్లాట్ బేరానికొచ్చింది. అదే లైన్లో మిగతా ఫ్లాట్లు చెప్పే రేటుకీ దీనికీ చెప్పుకోదగ్గ తేడా. ఇంటిల్లిపాదీ చూడ్డానికి వెళ్ళాం. మా ఆవిడ నేరుగా వంటింట్లో సింకు దగ్గరికి వెళ్ళి కుళాయి తిప్పింది. మా అమ్మాయి నోట్‌బుక్ తీసింది.

"రేటు తక్కువుంది కదా అంకుల్, ఎందుకు?"

"అర్జెంట్ సేల్ అమ్మా. ఓనర్లు డాలస్‌లో సెటిలైపోయారు," అన్నాడు బ్రోకరు.

మా అమ్మాయి నావైపు ఒక చూపు చూసి రాసుకుంది. "ఇంతకుముందు ఎవరుండేవాళ్ళు?"

"టెనెంట్లమ్మా. ఎవరూ ఎక్కువకాలం ఉండలేదు."

"ఎందుకుండలేదు?"

"ట్రాన్స్‌ఫర్లు."

"ఈ గది తలుపుకి బయటివైపు గడియెందుకుంది?"

"అన్ని తలుపులకీ ఉంటుంది కదమ్మా!"

నిజమే. ఇంగ్లీషు నవలలో పడకగది తలుపుకి బయట గడియ కనపడితే పాఠకుడి వెన్ను జలదరించాలి. మన దగ్గర బాత్రూముకి కూడా బయట గడియ ఉంటుంది. మా అమ్మాయి ఆ ప్రశ్న కొట్టేసి అసలు ప్రశ్న అడిగింది.

"ఈ ఇంట్లో ఎవరైనా చనిపోయారా?"

బ్రోకరు రెండు చెవులూ మూసుకున్నంత పని చేశాడు. "శుభమా అని ఇల్లు చూస్తూ అవేం మాటలు తల్లీ! ఈస్ట్ ఫేసింగ్. నూటికి నూరుపాళ్ళు వాస్తు."

"అవుననీ అనలేదు, లేదనీ అనలేదు," అని పైకే చదువుతూ రాసుకుంది.

నేను ముందురోజే టోకెన్ అడ్వాన్సు ఇచ్చేశానన్న సంగతి అప్పటికి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇంటికొచ్చాక చెప్పాను. మా ఆవిడ ఒక్క మాట కూడా అనకుండా లోపలికెళ్ళిపోయింది, అది వేరే కథ. మా అమ్మాయి మాత్రం అలమరలోంచి రెండు పుస్తకాలు తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "చదువు. నీ గురించే."

మొదటిది టిఫనీ డి. జాక్సన్ రాసిన 'వైట్ స్మోక్', 2021లో వచ్చింది. ఇందులో ఇల్లు తెచ్చేది తల్లి. ఒక సంస్థవాళ్ళు పిలిచి, మా ఊళ్ళో కొత్తగా బాగుచేసిన ఇల్లుంది, అద్దె అక్కర్లేదు, వచ్చి ఉండండంటారు. చుట్టుపక్కల ఇళ్ళన్నీ పాడుబడి ఉంటాయి. ఆ వాడలో బతికిన నల్లజాతి కుటుంబాలు ఏమైపోయాయి, ఖాళీ అయిన ఆ నేల మీద ఎవరి కన్నుంది అన్నది అసలు కథ. దెయ్యం మనల్ని లోపలికి పిలుచుకెళ్ళడానికి పెట్టిన వాకిలి లాంటిది. మా అమ్మాయికి పుస్తకమంతా నచ్చింది, ముగింపు తప్ప. సరిగ్గా ఊపందుకున్న చోట ఆపేసిందని రచయిత్రి మీద దానికి ఇంకా కోపం చల్లారలేదు.

రెండోది 'షీ ఈజ్ ఎ హాంటింగ్', 2023 నాటిది. రాసింది ట్రాంగ్ థాన్ ట్రాన్. ఇందులో నాన్న ఉన్నాడు. అమెరికాలో పెరిగిన అమ్మాయి కాలేజీ ఖర్చుల డబ్బు కోసం, ఎప్పుడో విడిపోయిన తండ్రి దగ్గరికి వియత్నాం వెళ్తుంది. ఆయన దాలాత్‌లో ఫ్రెంచివాళ్ళ కాలం నాటి బంగళా ఒకటి పట్టుకుని, రంగులేయించి, టూరిస్టుల్ని దించాలని కిందామీదా పడుతుంటాడు. ఆ కొండల మీద ఊరు కట్టుకున్నది కింద ఎండ భరించలేని ఫ్రెంచి దొరలే. వాళ్ళు తిన్న తిండికీ పడుకున్న పక్కకీ ఎవరో చాకిరీ చేసి ఉండాలి కదా, గోడల్లో ఉన్నది ఆ చాకిరీ తాలూకు పగ. నాన్నకి అదేం పట్టదు. బిడ్డ కంటే పెంకులూ పలకలూ ముఖ్యం ఆయనకి. చివరికి ఆ పిల్ల ఒక స్నేహితురాలిని తోడు చేసుకుని దొంగ దెయ్యాన్ని సృష్టిస్తుంది, దానికి జడిసైనా ఇల్లు వదిలేస్తాడేమోనని.

ఆ నాన్నని భయపెట్టడానికి ఆ అమ్మాయి నానా తంటాలూ పడింది. మా అమ్మాయికి ఆ కష్టం లేదు. ఫ్రిజ్ మోటారు ఆగినా చాలు, నేను లేచి కూర్చుంటాను.

అయినా ఆ నాన్నల తరఫున నాలుగు మాటలు చెప్పే హక్కు నాకుందనుకుంటాను. పిల్లలు పరిగెత్తుకొచ్చి "ఇంట్లో దెయ్యం ఉంది, వెళ్ళిపోదాం" అంటారు. ఎక్కడికి వెళ్ళాలి? రిజిస్ట్రేషన్ ఖర్చు ఎవరిస్తారు? రక్తపు మరక కడిగినకొద్దీ మళ్ళీ వస్తోందని మేనేజరుకి దరఖాస్తు పెడితే బ్యాంకు ఈ నెల ఈఎమ్ఐ మాఫీ చేస్తుందా? దెయ్యం రాత్రిపూటే వస్తుంది, ఈఎమ్ఐ పట్టపగలు అయిదో తారీఖున వస్తుంది. ఇదంతా ఆవేశంగా చెప్పాను. మా అమ్మాయి శాంతంగా విని, "అదే నాన్నా ఆ పుస్తకాలు చెప్పేది కూడా. డబ్బు పెట్టాం కాబట్టి ఎవరూ నోరెత్తకూడదనుకుంటారు పెద్దవాళ్ళు. దెయ్యానికి అదే బలం," అంది. నేను వాదిస్తున్నాననుకున్నాను గానీ దాని హోంవర్కు చేసిపెడుతున్నానని అప్పుడు తెలిసింది.

ఇంత పిరికితనం నాకెక్కణ్ణుంచి వచ్చిందని మీరనుకోవచ్చు. అదంతా ఊరికే రాలేదు, సాహిత్యం ద్వారా వచ్చింది. చందమామలో విక్రమార్కుడి భుజం మీద శవం వేలాడే ఆ బొమ్మ, శంకర్ గారు వేసింది, వచ్చే పేజీ ఇంకో రెండు పేజీల ముందే నాకు తెలిసిపోయేది. అక్కడ పేజీలు గుంపుగా తిప్పేసేవాణ్ణి. తర్వాత యండమూరి 'తులసిదళం'. ఒక పసిపిల్ల మీద జరిగే క్షుద్రప్రయోగం కథ. మా పిన్ని బీరువాలోంచి తీసుకుని దొంగతనంగా చదివాను, చదివాక తిరిగి బీరువాలో పెట్టడానికి ఆ గదిలోకి వెళ్ళలేక పెరట్లో కట్టెల మీద వదిలేశాను. 1992లో రామ్ గోపాల్ వర్మ 'రాత్రి' వచ్చింది. స్నేహితులతో వెళ్ళాను. సినిమా చాలా బాగా విన్నాను.

ఇంక 'ఓ స్త్రీ రేపు రా' రోజులు. ఎవరో ఆడదెయ్యం రాత్రిళ్ళు తలుపు తడుతోందనీ, తలుపు మీద రేపు రమ్మని రాస్తే చదువుకుని వెళ్ళిపోతుందనీ పుకారు. మా వీధిలో తలుపు తలుపుకీ రాతలే. మా నాన్న హేతువాది, దేవుడి పటానికి కూడా దణ్ణం పెట్టని మనిషి. ఆయన వీధరుగు మీద కూర్చుని, సుద్దముక్కతో రాస్తున్న మా అమ్మతో అన్న మాట నాకింకా గుర్తే: "కాస్త పెద్దక్షరాలతో రాయి. దానికి అర్థం కావద్దూ!"

ఈ వంశవృక్షమంతా మా అమ్మాయికి తెలుసు. ఏమీ తెలియనట్టు నటించదు కూడా. రాత్రి నేను హాల్లోంచి బాత్రూముకి వెళ్తూ సినిమా పాట కూనిరాగం తీస్తున్నట్టు ఆంజనేయ దండకం చదువుకుంటాను. "నాన్నా, ఇవాళ స్పీడు పెరిగింది. ఏ చాప్టర్లో ఉన్నావు?" అని గదిలోంచి కేక.

మా అమ్మ ఊరి నుంచి వచ్చినప్పుడు పరిస్థితి ఇంకా దిగజారింది. అప్పుడు మా అమ్మాయి 'లాక్‌వుడ్ అండ్ కో' మళ్ళీ చదువుతోంది. జొనథన్ స్ట్రౌడ్ రాశాడు, 2013లో మొదటి నవల, 2017లో అయిదోది, అదే ఆఖరు. ఈ రకం పుస్తకాల్లో దాని లెక్క ప్రకారం మకుటం లేని మహారాజు ఇదే. దెయ్యాలకీ ఒక పద్ధతీ పాడూ ఉండాలంటుంది. ఊరికే కీచుమనడం, పుస్తకం అయిపోయే ముందు "అదంతా కల" అనడం దానికి గిట్టదు. స్ట్రౌడ్ లండన్‌లో దెయ్యాలు అంటువ్యాధిలా పట్టుకుంటాయి. వాటి చెయ్యి తగిలితే మనిషి పోతాడు. ఒక్కో దెయ్యం ఒక్కో వస్తువుని అంటిపెట్టుకుని ఉంటుంది, ఎముకో ఉంగరమో ఏదో ఒకటి. దాన్ని వెతికి పట్టుకుని వెండి వలలోనో పెట్టెలోనో బిగిస్తే దెయ్యం అణుగుతుంది. అంతవరకూ ఆత్మరక్షణకి ఇనుమూ ఉప్పూ. అన్నిటికంటే ముఖ్యం, దెయ్యాలు కనపడేదీ వినపడేదీ పిల్లలకే. పెద్దయ్యేకొద్దీ ఆ శక్తి పోతుంది. అందుకని రాత్రంతా కత్తులు పట్టుకుని పోరాడే ఏజెంట్లు పిల్లలు, ఏమీ కనపడకపోయినా పక్కన నిలబడి ఆర్డర్లు వేసేది పెద్దవాళ్ళు.

ఇదంతా నానమ్మకి చెప్పింది. మా అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింది.

"ఇనుమూ ఉప్పూ అని తెలుసుకోడానికి అంత లావు పుస్తకం రాశాడా! నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మ తలగడ కింద చాకు పెట్టింది నేనేగా. నీకు రోజూ ఉప్పు దిష్టి తీసింది ఎవరనుకున్నావు?"

మా అమ్మాయి చిక్కుడుకాయల పళ్ళెం పక్కకి నెట్టి నానమ్మని కావలించుకుంది. "నువ్వు ఏజెంటువి నానమ్మా!"

ఆ సాయంత్రమంతా వాళ్ళిద్దరూ మన దెయ్యాల్ని స్ట్రౌడ్ చెప్పిన తరగతుల్లోకి సర్దుతూ కూర్చున్నారు. కొరివి దెయ్యం దూరంగా వెలుగుతూ పోతుంది తప్ప మీద పడదు కాబట్టి టైప్ వన్. కామినీ పిశాచం పగబట్టి వెంటపడుతుంది కాబట్టి టైప్ టూ. పెద్దవాళ్ళకి దెయ్యాలు కనపడవన్న నియమం దగ్గర మా అమ్మ ఒప్పుకోలేదు. డెబ్భై దాటాక కూడా పొలం గట్టు మీద కొరివి దెయ్యాన్ని చూశానంది. మా అమ్మాయి కాసేపు ఆలోచించి, స్ట్రౌడ్ గారికి మన ఊళ్ళు తెలియవని తీర్పిచ్చింది. మరి నాకే పదవి అని అడిగాను.

"నీకు ఆ శక్తి పోయింది నాన్నా. సూపర్‌వైజర్‌గా ఉండు."

ఆఫీసులో కూడా నాది అదే ఉద్యోగం.

అన్నట్టు ఈ నవలల్ని 2023లో నెట్‌ఫ్లిక్స్ సిరీస్‌గా తీసి ఒక్క సీజన్‌తో ఆపేశారు. ఆ కబురు తెలిసిన రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదనే చెప్పాలి. మా ఆవిడ ఎవరు పోయారోనని హడిలిపోయింది.

కొత్త ఇంట్లోకి మారాక నేను భయపడిన పుస్తకం ఒకటే ఒకటి, అందులో భయపెట్టేది ఏమీ లేదు కాబట్టి. మెగ్ క్యాబట్ 2000లో రాసిన 'షాడోలాండ్'. సూజ్ అనే పదహారేళ్ళ పిల్ల న్యూయార్క్ నుంచి కాలిఫోర్నియాలో కొత్త ఇంటికి వస్తుంది (మళ్ళీ ఇల్లు మారడమే, చూశారుగా). ఆమె పడకగదిలో ఒక కుర్రాడి దెయ్యం కాపురముంటోంది. నూటయాభై ఏళ్ళ కిందట పోయాడు. అందగాడు. మర్యాదస్తుడు. ఆ సిరీస్‌లో పుస్తకం పుస్తకానికీ ఇద్దరికీ స్నేహం ముదురుతుంది. క్యాంటీన్లో అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది నాకు. ఇన్నాళ్ళూ గదిలో దెయ్యం ఉంటుందేమోనని నా దిగులు, అబ్బాయి ఉంటాడేమోనని ఎప్పుడూ తోచలేదు.

"అతనికి నూటయాభై ఏళ్ళే!" అన్నాను ఇంటికొచ్చి.

"చనిపోయినప్పుడు ఇరవై నాన్నా. అక్కడే ఆగిపోతుంది లెక్క."

"ఆ పిల్ల నాన్నకి తెలుసా?"

"వాళ్ళ నాన్న ఎప్పుడో పోయాడు. దెయ్యమై వచ్చి కూతుర్ని చూసి వెళ్తుంటాడు. మంచి మంచి సలహాలిస్తాడు. చాలా స్వీట్."

అప్పుడు నాకు ఈ నవలల రహస్యం అర్థమైంది. వీటిలో మంచి నాన్నలు ఉన్నారు, కాకపోతే పోయినవాళ్ళు. కెండారే బ్లేక్ 'అన్నా డ్రెస్డ్ ఇన్ బ్లడ్' (2011) తీసుకోండి, మా అమ్మాయికి ప్రాణం. 1958లో, పదహారేళ్ళకే గొంతు కోయించుకుని తెల్లగౌను ఎర్రగా తడిసిపోయిన అన్నా అనే పిల్ల, గడప దాటి వచ్చినవాళ్ళనల్లా చీల్చేస్తుంటుంది. ఆ దెయ్యం మీదికి వెళ్ళే కుర్రాడి చేతిలో కత్తి ఎవరిది? దెయ్యాల చేతిలో పోయిన వాళ్ళ నాన్నది. 2008 నాటి 'ది గ్రేవ్‌యార్డ్ బుక్' అయితే మరీను. హంతకుడి నుంచి తప్పించుకుని శ్మశానంలోకి తప్పటడుగులు వేస్తూ వచ్చిన పసివాణ్ణి ఎప్పుడో పోయిన దంపతులు పెంచుకుంటారు. ఆత్మలే చదువు చెబుతాయి. అంత బుద్ధిగా పిల్లాణ్ణి పెంచిన తల్లిదండ్రులు బతికున్న పాత్రల్లో నాకెక్కడా తగల్లేదు. అమెరికాలో న్యూబెరీ, బ్రిటన్‌లో కార్నెగీ, పిల్లల పుస్తకాలకిచ్చే రెండు పెద్ద బహుమతులూ దానికే ఇచ్చారు. పేరెంట్స్ మీటింగుకి వెళ్ళొచ్చిన రోజున ఆ పుస్తకం చదవకూడదు.

గృహప్రవేశం రాత్రి జరిగింది కూడా చెప్పేస్తాను, ఎలాగూ మా ఆవిడ చుట్టాలందరికీ చెప్పేసింది.

ఆ మధ్యాహ్నమే చుట్టాల సందడిలో ఓ మూల కూర్చుని రిన్ చుపెకో నవల 'ది గర్ల్ ఫ్రమ్ ది వెల్' ముగించాను. 2014లో వచ్చింది. కథ చెప్పేది దెయ్యమే, పేరు ఒకికు. పిల్లల్ని చంపిన హంతకుల్ని వెతికి వెతికి చంపుతుంది. ఇది జపాన్‌లో పాత గాథ. ఒక సమురాయ్ ఇంట్లో పనిపిల్ల ఒకికు. యజమానికి ప్రాణప్రదమైన పది పళ్ళేల్లో ఒకటి కనపడలేదన్న నేరం మోపి చంపి బావిలో పారేస్తారు. ఆ రాత్రి నుంచి బావిలోంచి లెక్క వినపడుతుంది. ఒకటి, రెండు, అలా తొమ్మిది దాకా. పదోది ఉండదు. అప్పుడు గుండెలవిసే కేక. హిమేజీ కోటలో ఆమె పేరుతో బావి ఇప్పటికీ చూపిస్తారు. మా అమ్మాయి నాకొక చిట్కా కూడా చెప్పింది. ఆ గాథలోనే ఒకచోట, తొమ్మిది అనగానే ఎవరో పక్కనుంచి గట్టిగా "పది" అంటారట, దాంతో దెయ్యం శాంతించి వెళ్ళిపోతుందట.

చుట్టాలంతా వెళ్ళిపోయారు. లైట్లాపి పడుకున్నాను. కొత్త గోడలు, కొత్త సున్నం వాసన, పైన ట్యాంకులోకి నీళ్ళెక్కే చప్పుడు. దండకం రెండోసారి సగంలో ఉన్నాను. అప్పుడు వినపడింది. చీకట్లోంచి, లోహం మీద లోహం తగిలే చప్పుడు, వెంబడే సన్నగా ఆడగొంతు.

"ఆరు... ఏడు... ఎనిమిది... తొమ్మిది..."

తర్వాత ఏమీ లేదు.

"పదీ!" అని అరిచాను. అపార్ట్‌మెంటులో కింది అంతస్తు వాళ్ళు లైటు వేసుకున్నంత గట్టిగా అరిచాను.

వంటింట్లోంచి మా ఆవిడ వచ్చింది, చేతిలో పుట్టింటివాళ్ళు పెట్టిన స్టీలు కంచం, అంచున చుక్కలు చుక్కలుగా ఆవిడ పేరు. "పదోది ఎక్కడుందో మీకు తెలుసా? గంట నుంచి వెతుకుతున్నాను, చెప్పరేం?"

చెప్పక తప్పలేదు. మా పిన్ని పులిహోర పెట్టుకుని పట్టుకెళ్ళింది. నేనే మూత వెతికిచ్చాను. ఆ రాత్రి వినపడిన కేకలు జపాన్‌వి కావు.

ఇంత జరిగినా నేను మారలేదు. కింద వాచ్‌మన్ శీతాకాలం మంకీ క్యాప్ పెట్టుకుని మఫ్లర్ చుట్టుకుంటాడు. రస్కిన్ బాండ్ 'ఎ ఫేస్ ఇన్ ది డార్క్' చదివినవాళ్ళకి నా అవస్థ తెలుస్తుంది. సిమ్లా కొండల్లో, చీకట్లో ఏడుస్తున్న పిల్లాడి మీద మాస్టారు టార్చి వేస్తే ముఖంలో కళ్ళు ముక్కు నోరు ఏమీ ఉండవు, పరిగెత్తి వెళ్ళి వాచ్‌మన్‌కి చెప్పుకుంటాడు, తర్వాతది నేను చెప్పను. రెండు మూడు పేజీల కథ. వందల పేజీల నవలలు చెయ్యలేని పని ఆ కాస్తలో చేశాడని మా అమ్మాయి కూడా ఒప్పుకుంటుంది. రాత్రి ఆలస్యమైతే మా వాచ్‌మన్ "నమస్తే సార్" అనేదాకా ఊపిరి బిగబట్టి నిలబడతాను. నోరుందని తేలాకే లిఫ్టు నొక్కుతాను.

తెలుగులో తనకి తగిన దెయ్యాల పుస్తకం ఇమ్మని ఈమధ్య అడిగింది. తడుముకున్నాను. చిన్నపిల్లలకి చందమామ ఉండేది, పెద్దలకి క్షుద్ర నవలలున్నాయి, పదిహేనేళ్ళ పిల్ల చేతిలో ఇదిగో అని పెట్టడానికి నాకు వెంటనే ఏదీ తట్టలేదు. మా రోజుల్లో మధ్యవాళ్ళందరం పెద్దల బీరువాల్లోంచి దొంగిలించుకునేవాళ్ళం. చివరికి బేతాళ కథలు చదివి వినిపించాను, పగటిపూట. శ్రద్ధగా వింది.

"ఇందులో దెయ్యం తప్పేమీ లేదు. ఆ రాజు నోరు మూసుకుని నడిస్తే మొదటి రాత్రే పనైపోయేది."

"తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది కదమ్మా!"

"అలా అని బేతాళుడు అన్నాడు, ఈయన నమ్మేశాడు. తెలిసింది చెప్పకుండా ఉండలేడు, అదీ అసలు జబ్బు. నీలాగే."

ఇక లాభం లేదని తనే రాయడం మొదలుపెట్టింది. ఇంగ్లీషులోనే, కానీ కథంతా మియాపూర్ అవతలి అపార్ట్‌మెంటులో. తక్కువ రేటుకి ఫ్లాట్ కొన్న కుటుంబం. ట్యాంకులో చప్పుడు. బయటివైపు గడియ. ఊరి నుంచి చాకూ ఉప్పూ సంచిలో వేసుకుని వచ్చిన నానమ్మ. రోజూ రాత్రి భోజనాల దగ్గర కొంత చదివి వినిపిస్తోంది. బాగా రాస్తోందని తండ్రిగా కాకుండా, నిద్ర పట్టనివాడిగా చెబుతున్నాను.

నిన్న ధైర్యం చేసి అడిగాను, ఇందులో నాన్న ఏమవుతాడని.

"మూడో చాప్టర్లో పోతావు."

"మూడోదాంట్లోనేనా! కనీసం సగం దాకా ఉంచవే."

"ఉంచితే అందరికీ అడ్డం నాన్నా, ఏమీ లేదు లేదంటూ తిరుగుతావు. పోయాక దెయ్యమై వస్తావుగా. అప్పటినుంచీ బాగుంటుంది నీ క్యారెక్టరు. ధైర్యం కూడా వస్తుంది."

ఆశగా మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ పెరుగు వడ్డిస్తూ ఒక్క క్షణం లెక్క చూసుకుంది.

"హోమ్ లోన్‌కి ఇన్సూరెన్స్ కట్టించాం కదా. ఫర్లేదు, రాసుకోనివ్వండి."